తమ్ముడు కొవ్వు మీద పరిశోధన చేస్తున్నాడు, ఇంట్లో ఏమని చెప్పాలి?

నరసరావుపేట_అక్క
మా తమ్ముడు ఆరేళ్ళు పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు జర్మనీలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన, చేస్తున్నాడు. సబ్జెక్టు కొవ్వు కణజాలం, జీవక్రియ. మొన్న సంబంధం వాళ్ళు వచ్చారు. అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే మా నాన్న "ఎలుకల కొవ్వు తీసి చూస్తాడండీ" అనేశారు. అవతలి పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టి "దాంతో ఏం చేస్తారు, సబ్బులా?" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నాన్న నా మీద పడ్డారు. వాణ్ణి బయోకెమిస్ట్రీలో చేర్పించింది నేనేనట. తమ్ముణ్ణే అడగమంటే వాడు "నాన్నా, అడిపోకైన్లు అంటే..." అని మొదలుపెడతాడు, ఈయన టీవీ సౌండ్ పెంచుతారు. అసలు ఈ కొవ్వు మీద జీవితమంతా గడిపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏం తేల్చారు? నాన్నకు అర్థమయ్యేలా చెప్పండి. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. తెలివితక్కువ మనిషేం కాదు, ఓపిక తక్కువ.

కాజా_కాకినాడ
ఆ సబ్బు పెద్దాయనకు నా సాష్టాంగం.

సూటిగా_చెప్తా
ఏమనుకోకండి. లావు తగ్గాలంటే తక్కువ తినాలి, రోజూ నడవాలి. ఇది మా నాయనమ్మ కూడా చెప్పేది. దీనికి ఎలుకలు, ఆరేళ్ళు, జర్మనీ ఎందుకు?

తార్నాక_బయో
సూటిగా గారూ, 1960ల దాకా పెద్ద పెద్ద శాస్త్రవేత్తల్లో చాలామంది మీ నాయనమ్మ మాటే అన్నారు. లావంటే నోరు కట్టుకోలేకపోవడం, అంతే అని. ఆ మాటను తిరగేసినవాడి పేరు డగ్లస్ కోల్మన్. మాస్టారుగారికి ఈయన కథే చెప్పండి అక్కా.

1931లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో పుట్టాడు. 1958లో విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ అయ్యాక అమెరికాలో మేన్ రాష్ట్రం బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ ల్యాబొరేటరీలో చేరాడు. ఒకటి రెండేళ్ళు ఉండి వెళ్ళిపోదామని వచ్చినవాడు 1991లో రిటైరయ్యేదాకా కదల్లేదు. దీవి మీద ఉండే ల్యాబు అది, ఎలుకల పెంపకానికి పేరు. 1947లో కార్చిచ్చుకు ఆ ల్యాబు కాలిపోతే, వేరే ల్యాబుల వాళ్ళు తమ దగ్గరున్న ఎలుకలను పంపి మళ్ళీ నిలబెట్టారు. మనం పక్కింటి నుంచి తోడు పెరుగు తెచ్చుకున్నట్టు.

అక్కడ ఒక ఈతలో తేడా పిల్లలు పుట్టాయి. మామూలు ఎలుకకు మూడింతల బరువు పెరిగాయి. వాటి గురించి 1950లో ప్రకటించారు, ఆ జన్యువుకు ఓబీ అని పేరు. 1966లో కోల్మన్ వాళ్ళు ఇంకో రకాన్ని ప్రకటించారు, డీబీ అని. లావుతో పాటు విపరీతమైన షుగర్. పక్కపక్కన పెడితే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ చెడిపోయిన జన్యువులు వేరు.

కోల్మన్‌కు అనుమానం వచ్చింది. ఆకలి గురించి రక్తంలో ఏదో కబురు తిరుగుతోందా అని. తేల్చుకోవడానికి రెండు ఎలుకలను పక్కపక్కన పెట్టి చర్మం కలిపి కుట్టాడు. కొన్ని రోజులకు సన్నని రక్తనాళాలు కలుస్తాయి, ఒకదాని రక్తం ఇంకోదానిలోకి కొంచెం కొంచెంగా చేరుతుంది. డీబీని మామూలు ఎలుకతో కుట్టాడు. డీబీ ఎప్పట్లాగే తింటూనే ఉంది. పక్కనున్న మామూలుది తిండి మానేసింది. ఎదురుగా తిండి ఉంది, జబ్బేమీ లేదు, అయినా ముట్టలేదు. కడుపు మాడ్చుకుని చచ్చిపోయింది.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో మాస్టారుగారిని ఒక నిమిషం ఆలోచించమనండి. మిగతాది తర్వాత రాస్తా, సెంట్రిఫ్యూజ్ ఆగింది.

కాజా_కాకినాడ
సీరియల్ వాళ్ళు కూడా ఇంత దగ్గర ఆపరు.

జీవకారుణ్య
రెండు మూగజీవాలను కలిపి కుట్టడమా? ఇదేం సైన్సండీ?

తార్నాక_బయో
జీవకారుణ్య గారూ, మీ బాధ న్యాయమే. ఇప్పుడైతే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఎలుకను ముట్టుకోలేం. ఎన్ని, ఎందుకు, నొప్పికి ఏం మందు, అన్నీ ముందే రాసివ్వాలి. అప్పుడప్పుడు మా గైడు కంటే ఆ ఫారమే ఎక్కువ భయపెడుతుంది.

కథలోకొస్తే, తర్వాత ఓబీని మామూలు ఎలుకతో కుట్టాడు. ఈసారి మామూలుదానికి ఏమీ కాలేదు. ఓబీ తిండి తగ్గించింది, బరువు పెరగడం తగ్గింది. చివరికి ఓబీని డీబీతో కుట్టాడు. డీబీ తింటూనే ఉంది. ఓబీ తిండి మానేసి చచ్చిపోయింది. చచ్చేదాకా తినే జాతి అది, ఆకలితో పోయింది.

కోల్మన్ చెప్పింది ఇదీ: "చాలు" అని చెప్పే పదార్థం ఒకటి రక్తంలో ఉంది. ఓబీకి అది తయారవదు, కానీ పక్కవాడి దగ్గర నుంచి వస్తే వినగలదు. డీబీకి అది బోలెడంత తయారవుతుంది, కానీ వినే చెవి లేదు. అందుకే కేకలు పెంచుతూ పోతుంది, ఆ కేకలన్నీ పక్కనున్న ఎలుక నెత్తిన పడతాయి. పేపర్లు 1969లో, 1973లో వచ్చాయి.

సూటిగా_చెప్తా
బాగుంది. మరి ఆ పదార్థం ఏంటి?

తార్నాక_బయో
ఆయనకు దొరకలేదు. ఏళ్ళ తరబడి వెతికాడు, దొరకలేదు.

సూటిగా_చెప్తా
ఇంకేం మరి! ముప్పై మూడేళ్ళ ఉద్యోగం చేసి వస్తువు లేకుండా ఇంటికెళ్ళాడన్నమాట. అక్కా, ఈ కథ మీ నాన్నకు చెప్పకండి, కొంప మునుగుతుంది.

డల్లాస్_దోసకాయ
వస్తువు దొరికింది, ఇంకొకరికి. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్. చదివింది డాక్టరీ, స్థిరపడింది ల్యాబులో. ముందు ఆయన గురి పేగులో, మెదడులో ఉండే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ మీద ఉండేది. నోబెల్ గ్రహీత రోజలిన్ యాలో 1979లో ఓబీ ఎలుకల మెదడులో అదే తక్కువుందని రాసింది. తీరా చూస్తే ఆ హార్మోన్ జన్యువు ఒక క్రోమోజోము మీద, ఓబీ ఇంకో క్రోమోజోము మీద ఉన్నాయి. అడ్రసే తప్పు.

1986 నుంచి ఎనిమిదేళ్ళు ఓబీ జన్యువు కోసం క్రోమోజోమును అంగుళం అంగుళం గాలించాడు. జన్యుపటాలు చేత్తో గీసుకునే కాలం అది. 1994 మే నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఫిల్మ్ కడిగి చూస్తే, ఒక జన్యువు కొవ్వులోనే పలుకుతోంది, అంటే పనిచేస్తోంది. ఆ డిసెంబరు 1న నేచర్ అనే సైన్సు పత్రికలో పేపరు. ఆ ప్రోటీనుకు లెప్టిన్ అని పేరు పెట్టాడు. లెప్టోస్ అంటే గ్రీకులో సన్నం అట.

ఆ కబురు పంపేది కొవ్వే. అసలు సంగతి అదీ. అప్పటిదాకా కొవ్వంటే గోడౌన్ అనుకున్నారు, బస్తాలు పడేసుకునే చోటు. లోపల గుమస్తా కూర్చుని, నిల్వ ఎంతుందో చిట్టీ రాసి మెదడుకు పంపుతున్నాడని ఆ రోజు తేలింది. 1995లో చెవి కూడా దొరికింది, లెప్టిన్ రిసెప్టర్. అది చెడిపోయిందే డీబీ ఎలుక. కోల్మన్ చెప్పింది రెండు వైపులా అక్షరాలా నిజమైంది.

నరసరావుపేట_అక్క
గుమస్తా, చిట్టీ! ఇది నాన్నకు పనికొస్తుంది. మా తాతగారు మిల్లు గుమస్తా.

మైసూర్_పోస్ట్‌డాక్
డల్లాస్ గారూ, రూడాల్ఫ్ లీబెల్ పేరు ఎగ్గొట్టారేం? ఆ వేటలో మొదటి నుంచీ ఉన్న మనిషి. 1994 పేపరు మీద ఆయన పేరు లేదు. అప్పట్లో పెద్ద గొడవ. ఆ జన్యువు మీద హక్కులు రాక్‌ఫెల్లర్ నుంచి ఆమ్జెన్ అనే మందుల కంపెనీ 2 కోట్ల డాలర్లకు తీసుకుంది. సైన్సులో పేరెవరిదో అనే పంచాయితీ మన ఆస్తి పంపకాల కంటే ఘోరం.

డల్లాస్_దోసకాయ
ఎగ్గొట్టలేదు, పోస్టు పొడుగైందని ఆపాను. కానీ ఫ్రీడ్‌మన్ ఎనిమిదేళ్ళ కష్టాన్ని తక్కువ చేయొద్దు.

మైసూర్_పోస్ట్‌డాక్
తక్కువ చేయడం లేదు. నాకు మాత్రం కోల్మనే గొప్ప. జన్యువుల యంత్రాలేవీ లేకుండా కత్తెర, సూది, దారం, ఎలుకలకు కొలిచి పెట్టే తిండి. వీటితో కనపడని వస్తువుకు చిరునామా రాశాడు.

డల్లాస్_దోసకాయ
చిరునామా మాత్రం రాయలేదు బ్రో. అది కొవ్వు నుంచే వస్తోందని ఆయన రుజువు చేయలేదు. అలాంటి ఆలోచన 1953లోనే కెనడీ చెప్పాడు, కోల్మన్ కంటే పదేళ్ళ ముందు 1959లో హెర్వీ ఎలుకలను ఇలాగే కుట్టి చూశాడు. ఉత్తరం వెళ్తోందని కోల్మన్ చెప్పాడు. పోస్టాఫీసు ఏదో ఫ్రీడ్‌మన్ చెప్పాడు.

తార్నాక_బయో
ఇద్దరూ కొట్టుకోకండి, వాళ్ళిద్దరే కొట్టుకోలేదు. 2009లో షా ప్రైజ్, 2010లో లాస్కర్ అవార్డు ఇద్దరికీ కలిపే ఇచ్చారు. కోల్మన్ రిటైరయ్యాక తన అడవి భూమిలో చెట్లు చూసుకుంటూ గడిపాడు. 2014 ఏప్రిల్‌లో పోయాడు. నోబెల్ రాలేదు, పోయినవాళ్ళకు ఇవ్వరు కాబట్టి ఇక రాదు. నాకది బాధే.

వార్డు_నంబర్_4
డాక్టర్ని. కొంచెం చన్నీళ్ళు చల్లుతా. మీరంతా పొగుడుతున్న లెప్టిన్ బరువు తగ్గించే మందుగా ఫెయిలైంది. లావుగా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి రక్తంలో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే. వాళ్ళు ఓబీ కాదు, డీబీ వైపు. ఇంజెక్షన్ ఇచ్చినా పెద్దగా తగ్గలేదు. చిట్టీ అందుతోంది, చదివేవాడు లేడు. ఇప్పుడు బరువు తగ్గిస్తున్న సెమాగ్లూటైడ్ లాంటి మందులు పేగు హార్మోన్ బాటలో వచ్చినవి, కొవ్వు బాటలో కాదు.

సూటిగా_చెప్తా
హమ్మయ్య. నేను మొదటే చెప్పా.

వార్డు_నంబర్_4
మీరు చెప్పింది వేరు, తొందరపడకండి. రెండు చోట్ల లెప్టిన్ ప్రాణం నిలబెట్టింది. ఒకటి, 1997లో కేంబ్రిడ్జ్ వాళ్ళు స్టీఫెన్ ఓ'రాహిలీ, సదాఫ్ ఫారూఖీ బృందం ఇద్దరు పిల్లల్ని చూసింది. పాకిస్తాన్ మూలాలున్న ఒకే బంధువర్గం, మేనరికాలు. ఎనిమిదేళ్ళ పాపకు 86 కిలోలు, రెండేళ్ళ బాబుకు 29. పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నారు. వాళ్ళకు లెప్టిన్ అసలు తయారవదు, అచ్చం ఓబీ ఎలుకలు. పాపకు రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. "తక్కువ తినమ్మా" అని ఎంత చెప్పినా ఆ పిల్ల వినగలిగేది కాదు, సూటిగా గారూ. ఆ కుటుంబాన్ని ఎంతమంది ఎన్ని మాటలని ఉంటారో ఊహించండి.

రెండు, లిపోడిస్ట్రఫీ. వంట్లో కొవ్వే సరిగ్గా ఏర్పడదు. చూస్తే కండలు తిరిగి బక్కగా ఉంటారు, లోపల షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) ఆకాశంలో, లివర్ నిండా కొవ్వు. గోడౌన్ లేకపోతే సరుకు వరండాలో, వంటింట్లో, మంచం మీద పడినట్టు. వాళ్ళ కోసం మెట్రెలెప్టిన్‌కు, అంటే మందుగా తయారుచేసిన లెప్టిన్‌కు, అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. కొవ్వు ఎక్కువైతే జబ్బని అందరికీ తెలుసు, లేకపోయినా అదే జబ్బని నేను ఎండీలో చదివేదాకా నమ్మలేదు.

మేనరికాలు మన దగ్గరా ఉన్నాయి. పాలు తాగే వయసు నుంచే ఆకలికి అంతు లేకుండా బరువు పెరిగే పిల్లలుంటే బిడ్డను తిట్టకుండా ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు, చూపించండి.

సన్నజాజి62కిలోలు
డాక్టర్ గారు ఇప్పుడన్నది నా కథలా ఉంది. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 62. ముప్పై నాలుగో ఏట షుగర్. రిపోర్టు చూసి మా ఆవిడ "ల్యాబులో మార్చేసి ఉంటారు, ఇంకోసారి ఇవ్వండి" అంది. ఇంకోసారి ఇచ్చాను, పది పాయింట్లు పెరిగింది. ఆఫీసులో లావుగా ఉన్న మా మేనేజర్‌కు ఏమీ లేదు, రోజూ నా ముందే మైసూర్‌పాక్ తింటాడు.

మైసూర్_పోస్ట్‌డాక్
మీ కోసమే పుణెలో ఒక డాక్టరు జీవితం ధారపోశాడు. చిత్తరంజన్ యాజ్ఞిక్, కేఈఎం హాస్పిటల్. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది, ఆయనా, లండన్‌లోని ఆయన మిత్రుడు జాన్ యుడ్కినూ పక్కపక్కన. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 22.3. వంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చొక్కా వేసుకుంటే ఇద్దరూ సన్నమే.

పుట్టుకలోనే ఉంది తేడా. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పిల్లలది 3.5. మనవాళ్ళకు కండ బాగా తక్కువ, చర్మం కింది కొవ్వు మాత్రం అంత తక్కువేం కాదు. సన్న-లావు పిల్లలు అన్నమాట. కాబట్టి మేనేజర్ని చూసి ఏడవకండి, టేపు తెచ్చి నడుము కొలుచుకోండి.

సన్నజాజి62కిలోలు
కొలిచాను. చెప్పను.

కాజా_కాకినాడ
😂😂

తార్నాక_బయో
దీనికి కూడా కోల్మన్ దగ్గర ఒక ముక్క ఉంది. అదే ఓబీ, డీబీ లోపాలను రెండు వేరే వేరే ఎలుక వంశాల్లోకి ఎక్కించి చూశాడు. ఒక వంశంలో లావు, కాస్త షుగర్, బతికి బట్టకట్టాయి. ఇంకో వంశంలో ఇన్సులిన్ తయారుచేసే క్లోమం చేతులెత్తేసింది, షుగర్ ముదిరి తొందరగా పోయాయి. చెడిన జన్యువు అదే, చుట్టూ ఉన్న వంశం వేరు. మైసూర్‌పాక్ మేనేజరు, మీరూ అంతే.

మన హైదరాబాద్ సంగతి కూడా చెప్పాలి. తార్నాక ఎన్‌ఐఎన్‌లో (జాతీయ పోషకాహార సంస్థ) తమ సొంత ఎలుకల మందలోనే తనంతట తాను లావెక్కే రకం పుట్టింది. ఎన్.వి. గిరిధరన్ వాళ్ళు 1996లో ప్రకటించారు. డబ్ల్యూఎన్‌ఐఎన్ ఓబీ అంటారు. జాక్సన్ ల్యాబువి చుంచులైతే ఇవి పెద్ద ఎలుకలు. వీటికి రక్తంలో లెప్టిన్ ఎక్కువే, పనిచేయదు. పిల్లల్ని కనలేవు కాబట్టి లోపాన్ని మోసేవాటిని జతకట్టించి వంశాన్ని నిలబెడుతున్నారు. మందను రోజూ చూసుకునేవాళ్ళు "ఇదేంటి ఇలా ఉంది" అని పక్కన పెట్టకపోతే ఇలాంటివి ఎప్పటికీ దొరకవు. అక్కడా ఇక్కడా అంతే.

సగ్గుబియ్యం
చదువుతూ ఊరుకుందామనుకున్నా, ఆగలేకపోయాను. అక్కా, మీ తమ్ముడు రోజూ చేసేది మీ నాన్నకు చెప్పాలంటే నేను చెప్తా, నాదీ అదే పని.

3టీ3-ఎల్1 అనే కణాలుంటాయి. 1970ల్లో ఎంఐటీలో హోవర్డ్ గ్రీన్ వాళ్ళు ఎలుక పిండం కణాల నుంచి తీసిన లైను, అంటే ల్యాబులో పెంచుతూ వచ్చే కణాల వంశం. డిష్ నిండా పరుచుకున్నాక రెండు రోజులు కదపకూడదు. తర్వాత ఇన్సులిన్, ఇంకో రెండు మందులు కలిపి పోస్తాం. నాలుగైదు రోజులకు కణం లోపల సూదిమొనంత కొవ్వు చుక్కలు మెరుస్తాయి. పదో రోజుకు డిష్ అంతా ఉడికిన సగ్గుబియ్యంలా ఉంటుంది, నా పేరు అక్కణ్ణుంచే. ఎర్ర రంగు వేస్తే చుక్కలన్నీ పట్టుకుంటాయి. చాలా అందంగా ఉంటుంది, ఇంట్లో ఎవరికి చూపించినా "చికెన్‌పాక్సా?" అంటారు.

కొవ్వు నిండిన కణం పట్టు సడలి ఉంటుంది. కింద ద్రవం మార్చేటప్పుడు పైపెట్‌తో కాస్త గట్టిగా కొడితే పెనం మీద అట్టు లేచినట్టు లేచిపోతుంది. పది రోజుల పని సింకులోకి. నాకు సీనియర్ ఒకరు పాత సీసా ఇచ్చారు, ఎక్కువసార్లు పెంచిన కణాలు. అవి ఇక కొవ్వు కట్టవు. ఆ సంగతి తెలీక నాలుగు నెలలు నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకుని ఏడ్చాను. కొవ్వు పెరగడం లేదని ఏడ్చిన ఆడపిల్ల ప్రపంచంలో నేనొక్కతినే అయ్యుంటాను.

సూటిగా_చెప్తా
ఆఖరి లైనుకు నవ్వాను. సరే, వెనక్కి తగ్గుతున్నా, కొంచెం. నడక మాత్రం మానొద్దని చెప్పండి.

వార్డు_నంబర్_4
నడక మానమని ఎవరూ అనలేదు సార్. నడవలేకపోతున్నవాణ్ణి తిట్టొద్దన్నాం.

నరసరావుపేట_అక్క
అప్‌డేట్. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఎలుకల కథ చెప్పాను. డీబీ పక్కన మామూలు ఎలుక చచ్చిపోయిందనేసరికి నాన్న చెయ్యి కడుక్కుని లేచి, కరెంటు బిల్లు వెనక గీతలు గీయడం మొదలుపెట్టారు. పంపేది ఒక గడి, వినేది ఇంకో గడి. మామూలుది రెండూ ఒకటి. ఓబీకి పంపేది సున్నా, వినేది ఒకటి. డీబీకి పంపేది ఒకటి, వినేది సున్నా. "రెండు తెలియని రాశులు, మూడు సమీకరణాలు. రెండు చాలు, మూడోది సరిచూసుకోవడానికి. ఈ కోల్మన్ ఎవరో నిక్కమైన లెక్కల మనిషే" అన్నారు. నేను సగం చెప్పి ఆపాను, ఓబీ-డీబీ జతలో ఎవరు పోతారో ఆయనే చెప్పేశారు.

తర్వాత పదిన్నరకు జర్మనీకి ఫోన్. పంపేదీ వినేదీ రెండూ సున్నా అయిన ఎలుక ఉంటే ఏమవుతుందిరా, దాన్ని డీబీ పక్కన కుడితే చస్తుందా చావదా అని. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. టీవీ ఆఫ్‌లోనే ఉంది.

తార్నాక_బయో
మాస్టారుగారికి దండాలు. వినే చెవి లేకపోతే పక్కన ఎవరున్నా చావకూడదు, లెక్క ప్రకారం.

నరసరావుపేట_అక్క
ఆయనా అదే అన్నారు. తమ్ముడేమో "నాన్నా, మీరే రాసి పంపండి, ప్రపోజల్‌లో పెడతా" అంటున్నాడు.

కాజా_కాకినాడ
అంతా బాగానే ఉంది, ఇంతకీ సంబంధం ఏమైంది?

నరసరావుపేట_అక్క
సబ్బు పెద్దాయన ఇవాళ పొద్దున ఫోన్ చేశాడు. ఆయనకూ షుగరట. అబ్బాయి ఇండియా ఎప్పుడొస్తాడని అడిగాడు, పెళ్ళి గురించో రిపోర్టు చూపించడానికో అర్థం కాలేదు.